చేతుల్తో నేర్చుకుంటున్న జపాన్: మా ఇంటిబడి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదటి వారం

ఈసారి వేసవి ప్రాజెక్టు జపాన్. పిల్లలిద్దరూ ఇంటి దగ్గరే చదువుతారు కాబట్టి మాకు సెలవులంటూ వేరే ఉండవు. విశాఖలో ఎండలు ముదిరాక పుస్తకాలు తగ్గించి చేతిపని పెంచుతాం, అంతే. పెద్దదానికి పదేళ్ళు, చిన్నాడికి ఏడు. శనివారాలు మా అపార్ట్‌మెంటు పిల్లలు కూడా వచ్చి చేరతారు.

ఏప్రిల్‌లో మొదలుపెట్టడానికి కారణం ఉంది. జపాన్‌లో బడి సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్‌లోనే. ఆపైన మే 5న పిల్లల పండుగ, జులై 7న తనబాత అనే నక్షత్రాల పండుగ, ఆగస్టు 6న హిరోషిమా రోజు వరసగా వస్తాయి. సిలబస్ నేను వేరే రాయక్కర్లేకుండా క్యాలెండరే రాసిపెట్టింది.

నియమం మాత్రం ఒకటి పెట్టుకున్నాను. జపాన్‌లో మా పిల్లల ఈడు వాళ్ళు నిజంగా తమ చేతులతో చేసే పనైతేనే మేం చేస్తాం. కిమోనో వేసుకుని ఫోటో దిగడం, అట్ట మీద చెర్రీ పూలు అతికించడం, అట్టకత్తి పట్టుకుని సమురాయ్ అవడం పక్కన పెట్టేశాను. అవన్నీ బయటి నుంచి చూసేవాళ్ళ జపాన్. అక్కడ మూడో తరగతి చదివే పిల్ల పొద్దున్నే లేచి ఏం చేస్తుంది, బడిలో గది ఎవరు తుడుస్తారు, మధ్యాహ్నం అన్నం ఎవరు వడ్డిస్తారు, ఈ దారిన వెళ్తే దేశం దానంతటదే కనపడుతుందని నా నమ్మకం.

గోడకి పెద్ద మ్యాపు తగిలించాం. హొక్కైదో, హోన్షు, షికోకు, క్యూషు, నాలుగు పెద్ద దీవులకీ నాలుగు రంగులు.

ఏప్రిల్ రెండో వారం: గుడ్డ, బకెట్టు

మొదటి పని ఒరిగామి, అంటే కాగితం మడిచి బొమ్మలు చేయడం, అనుకున్నారు పిల్లలు. నేను పాత తువ్వాళ్ళు తెచ్చి ముందు వేశాను.

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో తరగతి గదులు, వరండాలు పిల్లలే శుభ్రం చేస్తారు. చాలా బడుల్లో మరుగుదొడ్లు కూడా. రోజూ పావుగంటో ఇరవై నిమిషాలో దీనికి టైంటేబుల్లోనే ఉంటుంది. సోజీ అంటారు. తుడిచే గుడ్డ పేరు జోకిన్. పాత తువ్వాలు మడిచి చుట్టూ కుట్టేసి, మధ్యలో ఈ మూల నుంచి ఆ మూలకి రెండు అడ్డకుట్లు వేస్తే జోకిన్ అవుతుంది. అడ్డకుట్లు లేకపోతే పిండినప్పుడు పొరలు జారిపోతాయి. సూదిలో దారం ఎక్కించడం, చివర ముడి వెయ్యడం చిన్నాడికి ఇదే మొదలు. దళసరి తువ్వాలు కదా, సూది దిగక చూపుడువేలు ఎర్రబడింది. నాలుగు పొరలకి బదులు రెండే ఉంచితే సులువుగా దిగింది. ఏడేళ్ళ పిల్లలకి రెండు పొరలు చాలు.

తుడిచే పద్ధతి వాళ్ళకి బాగా నచ్చింది. తడిగుడ్డ నేల మీద పరిచి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, నడుం పైకెత్తి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుగు. హాలు మధ్యలోంచి సోఫా జరిపేసరికి అపార్ట్‌మెంటు పిల్లలంతా వరసలో నిలబడ్డారు. వంతులు తేలడానికి అట్టతో చక్రం చేశాం. లోపలి చక్రం మీద పేర్లు, బయటి దాని మీద పనులు: ఊడ్చడం, తుడవడం, చెత్త పారబోయడం, గుడ్డలు ఉతకడం. వారానికోసారి చక్రం ఒక గడి తిప్పుతాం. జపాన్ తరగతి గదుల్లోనూ ఇలాంటివి గోడకి ఉంటాయి.

మా అత్తయ్య చూసి, "ఇందులో కొత్తేముందే? మా ఎలిమెంటరీ స్కూల్లో శనివారం నీళ్ళు మోసుకొచ్చి అలికేవాళ్ళం" అన్నారు. పిల్లలు ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ కథంతా చెప్పించుకున్నారు.

ఏప్రిల్ మూడో వారం: మేడ మీద కసరత్తు

రేడియో తైసో. 1928లో మొదలైన మూడు నిమిషాల కసరత్తు, పియానో వాయిద్యంతో రేడియోలో వస్తుంది. పొద్దున్న ఆరున్నరకి. వేసవి సెలవుల్లో జపాన్ పిల్లలు పేటలోని మైదానానికి వెళ్ళి పెద్దవాళ్ళతో కలిసి చేస్తారు, మెడలో వేసుకున్న కార్డు మీద రోజుకో ముద్ర వేయించుకుంటారు. మేం మేడ మీద చేస్తున్నాం. ముద్ర బంగాళాదుంప కోసి చేసింది, చేప ఆకారం. కార్డు నిండితే బహుమతేమీ లేదు. నిండటమే వాళ్ళకి కావాలి.

ఏప్రిల్ చివర: కాగితం

కాగితం గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను, మొదలుపెట్టేవాళ్ళకి ముందు తేలాల్సింది అదే. బజార్లో దొరికే ఒరిగామి కాగితం 15 సెంటీమీటర్ల చదరం, ఒక పక్కే రంగు. బావుంటుంది గానీ సాధన అంతా దాని మీదే అంటే ఖర్చు. ప్రింటరు కాగితం కోస్తే 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది. పడవ, గ్లాసు, పెట్టెకి అది చక్కగా పనికొస్తుంది. కొంగ దగ్గర మాత్రం ఇబ్బంది పెడుతుంది, మెడ దగ్గర పొరలు పేరుకుని మడత తెరుచుకుంటుంది. గాలిపటం కాగితం చిరుగుతుంది. బహుమతులు చుట్టే పల్చటి కాగితం అన్నిటికన్నా నయం.

లోపలికి మడిచే లోయ మడత, వెనక్కి మడిచే కొండ మడత, ఈ రెండు గుర్తులు వస్తే మిగతాదంతా చదువుకోవచ్చు. చుక్కల గీతలు, బాణాలతో మడతలు చూపించే పద్ధతికి రూపం ఇచ్చినాయన అకిరా యోషిజావా (1911–2005). ఇవాళ ప్రపంచమంతా ఒరిగామి పటాల్లో వాడేది ఆ గుర్తుల్నే. పెద్దది జపనీస్ ఒక్క అక్షరం రాకుండానే జపనీస్ పటం చూసి కప్ప చేసేసింది. ఆ సంతోషం చూడాల్సిందే.

కొంగలో పిల్లలందరూ ఆగేది ఒకే చోట. చదరం ముడిచాక రెండు పక్కలూ మధ్యగీతకి మడిచి, పై కొన కూడా మడిచి, అన్నీ విప్పేయాలి. ఇప్పుడు కింది కొన దగ్గర ఒక్క పొరనే పట్టుకుని పైకి లేపాలి. లేపుతూ ఉంటే పక్కలు రెండూ లోపలికి ముడుచుకుని పొడవాటి వజ్రం ఆకారం వచ్చేస్తుంది. ముందు వేసిన మడతలు గోటితో గట్టిగా గీసి ఉంటేనే ఇది జరుగుతుంది. మెత్తగా మడిచిన కాగితం ఎటు ముడుచుకోవాలో తెలియక ఉబ్బిపోతుంది. "మడత వేలితో కాదు, గోటితో" అని పెద్దది మిగతా పిల్లలకి చెప్పడం విన్నాను.

చిన్నాడికి కొంగ ఇంకా తొందర. వాడికి కబుతో, అంటే సమురాయ్ శిరస్త్రాణం. తెలుగు దినపత్రిక పెద్ద చదరంగా కత్తిరించి మడిస్తే నిజంగా తలకి పట్టే టోపీ అవుతుంది. మే 5న జపాన్ పిల్లలు పాత పేపర్లతో చేసుకునేది ఇదే. కొమ్ముల మీద క్రికెట్ వార్తలు వచ్చేలా వాడే చూసుకున్నాడు.

మియురా మడత వాళ్ళ నాన్న నేర్పారు. కోర్యో మియురా అనే అంతరిక్ష ఇంజినీరు 1970లో రూపొందించింది. కాగితమంతా వాలుగా ఉన్న సమాంతర చతుర్భుజాలుగా మడిస్తే, ఎదురెదురు మూలలు రెండు పట్టుకుని లాగగానే మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది, నెడితే ఒక్కసారిగా ముడుచుకుంటుంది. 1995లో జపాన్ పంపిన ఉపగ్రహంలో సౌరఫలకం ఇలాగే విచ్చుకుంది. మా గోడ మీది మ్యాపుకి చిన్న నకలు తీసి ఇలా మడిచి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు ఇద్దరూ.

మే 5: చేపల జెండాలు

కొయినొబొరి. వాడకం తీరిపోయిన పంచె ఒకటి మామయ్యగారిని అడిగి తీసుకున్నాం. పిల్లల పండుగకి జపాన్ ఇళ్ళ ముందు గడకి కట్టే కార్ప్ చేపలు ఇవి. అన్నిటికన్నా పైన పెద్దది నల్లది, నాన్న. దాని కింద ఎర్రది అమ్మ, ఆ కింద నీలం పిల్లలు. ఏటికి ఎదురీది జలపాతం ఎక్కిన కార్ప్ డ్రాగన్ అయిందని చైనా నుంచి వచ్చిన కథ. పిల్లలు అంత బలంగా పెరగాలని ఆ చేపనే ఎగరేస్తారు. ఒకప్పుడు ఇది మగపిల్లల పండుగ. 1948లో పిల్లలందరి పేరా జాతీయ సెలవు చేశారు. ఆ చట్టంలో పిల్లల్ని గౌరవించాలి, వాళ్ళ సుఖం చూడాలి అనడంతో పాటు తల్లికి కృతజ్ఞత చెప్పుకోవాలని కూడా ఉంది. ఆ మాట నేను రెండుసార్లు చదివి వినిపించాను.

చేసిన పద్ధతి: గుడ్డని గొట్టంలా కుట్టాలి, నోటి దగ్గర వెడల్పు, తోక దగ్గర సన్నం. తోక మూసెయ్యకూడదు, గాలి అటునుంచి పోతేనే చేప ఈదుతుంది. నోటి అంచులో కరెంటు వైరు ముక్క గుండ్రంగా వంచి దూర్చి కుట్టాం. పొలుసులకి గ్లాసు మూతి రంగులో ముంచి అచ్చులు వేశారు. పంచె గుడ్డ తేలిక కాబట్టి చిన్న గాలికే లేచింది. సాయంత్రం సముద్రం మీంచి గాలి తిరగ్గానే మూడు చేపలూ అడ్డంగా సాగి నిలబడ్డాయి. కిందనుంచి వాచ్‌మన్ గారు ఏం పండగమ్మా అని అడిగితే చిన్నాడు మెట్లు దిగి వెళ్ళి మొత్తం వివరించి వచ్చాడు.

మే మూడో వారం: అన్నం ముద్ద, మాగాయ

ఒనిగిరి, అంటే జపాన్ అన్నం ముద్ద, చేయాలంటే ముందు బియ్యం సంగతి తేల్చుకోవాలి. మనం వండే సోనామసూరి పొడిపొడిగా ఉండటానికి కారణం అందులో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ. జపాన్ పొట్టి బియ్యంలో అది తక్కువ, అందుకే మెతుకు మెతుకుకి అంటుకుంటుంది. పక్కపక్కనే రెండూ వండి పిల్లల చేత పట్టించి చూశాం. జపాన్ బియ్యం ఖరీదు. రోజూ కుదరదు కాబట్టి కొత్త బియ్యం తీసుకుని నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి మెత్తగా వండితే ముద్ద బాగానే నిలిచింది. చెయ్యి తడి చేసుకుని, అరచేతిలో ఉప్పు రాసుకుని, అన్నం వేడిగా ఉండగానే ఒత్తాలి. ఒక చెయ్యి అడుగున పళ్ళెంలా, ఇంకో చెయ్యి పైన ఇంటికప్పులా. ఒత్తి తిప్పడం, ఒత్తి తిప్పడం. మూడు తిప్పులకి మూడు మూలలు తేలతాయి. ఎక్కువ నొక్కితే పిండి అవుతుంది.

లోపల పెట్టేది ఉమెబోషి, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి ఉమె కాయ. అది ఇక్కడ దొరకదు, తెప్పించాలనీ నేను అనుకోలేదు. ఎందుకంటే ఆ వారమే మా అత్తయ్య మాగాయ పెడుతున్నారు.

రెండూ పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేసింది. ఉమెబోషికి జూన్‌లో ఉమె కాయలు కోసి ఉప్పు పట్టించి, పైన బరువు పెడతారు. కొన్నాళ్ళకి పుల్లటి ఊట పైకి వస్తుంది. షిసో అనే ఆకు వేస్తే ఎర్రబడుతుంది. వానలు తగ్గాక కాయల్ని వెదురు చాటల్లో పరిచి మూడు రోజులు ఎండబెడతారు. కొందరు మళ్ళీ ఆ ఊటలోనే వేస్తారు. మా ఇంట్లో మామిడికాయ చెక్కు తీసి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడు రోజులు ఉంచి, పిండి, చాటల్లో పోసి మేడ మీద ఎండబెట్టడం, ఊటని కూడా గిన్నెలో పోసి ఎండలో పెట్టడం, ముక్కల్ని తిరిగి అందులోనే వెయ్యడం. కారం, మెంతిపిండి దగ్గర దారులు విడిపోతాయి గానీ అక్కడిదాకా ఒకటే పని. వకయామ జిల్లాలో ఉమెబోషి ఎండబెట్టే ఫోటోలు అత్తయ్యకి చూపిస్తే, చాటలు చూసి, "పల్చగా పరిచారు, బాగా తెలిసినవాళ్ళే" అన్నారు.

కారం కలపక ముందు ఎండిన ముక్కలు కొన్ని తీసి ఉంచమన్నాం. ఒనిగిరి మధ్యలో ఒక్కో ముక్క. చుట్టూ నోరి, సముద్రపు నాచు అట్ట. చిన్నాడు నోరి ఒలిచి పక్కన పెట్టాడు. పెద్దది వాడిది కూడా తినేసింది.

శనివారం భోజనం బడి పద్ధతిలో పెట్టాం. 1954లో జపాన్‌లో బడి భోజనాల చట్టం వచ్చింది. అక్కడ వంటగదినుంచి గిన్నెలు తరగతికి మోసుకొచ్చేది, తెల్ల ఆప్రాన్లు, టోపీలు వేసుకుని తోటివాళ్ళకి వడ్డించేది పిల్లలే. వాళ్ళ వంతు కూడా చక్రం తిప్పితే వస్తుంది. అందరికీ వడ్డన అయ్యేదాకా ఎవరూ మొదలుపెట్టరు. మా వడ్డన బృందం పప్పు గరిటెతో సమానంగా పోయడానికి పడ్డ శ్రద్ధ చూస్తే ఈ ప్రాజెక్టు మొత్తంలో దీన్నే ముందు పెట్టాలనిపించింది. ఆరోజు నుంచి శనివారాలు వడ్డన వాళ్ళదే.

జూన్ మొదటి వారం: అక్షరాలు

కొద్దిగానే చేశాం. హిరగానా అనే జపాన్ లిపిలో మూల అక్షరాలు 46. వాటి వరస పెద్దదానికి చదివి వినిపించాను: అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. "అమ్మా, ఇది మన గుణింతాల వరసే కదా" అంది. అవును. బౌద్ధ సన్యాసులు సంస్కృతం కోసం సిద్ధం లిపి చదువుకున్నారు, ఆ వర్ణమాల క్రమమే జపాన్ అక్షరాల పట్టికకి దారి చూపింది. ఇప్పటి హ వరస పూర్వం ప ధ్వనితో ఉండేదని భాషావేత్తలు చెబుతారు. ప ఉండాల్సిన చోట హ ఉందంటే కారణం అది. తెలుగు వచ్చిన పిల్లలకి ఈ పట్టిక సగం వచ్చేసినట్టే. ఇంగ్లిషు అక్షరాల ద్వారా నేర్పించకండి, మన అక్షరాల్లోంచే నేర్పండి.

జూన్ రెండో సగం: బొమ్మల పెట్టె

కమిషిబాయి. 1930లలో సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని వీధివీధికీ తిరిగి, రెండు కర్రముక్కలు టకటకా కొట్టి పిల్లల్ని పోగుచేసి, మిఠాయి అమ్మి, బొమ్మల అట్టలు ఒక్కోటి లాగుతూ కథ చెప్పేవాళ్ళు. టీవీ వచ్చాక వీధుల్లో తగ్గిపోయింది. కిండర్‌గార్టెన్లలో, లైబ్రరీల్లో ఇప్పటికీ ఉంది.

కథ మొమొతరో: ఏట్లో కొట్టుకొచ్చిన పెద్ద పీచ్ పండులోంచి పుట్టిన పిల్లాడు, కుక్కకీ కోతికీ నెమలిపిట్ట జాతి పక్షికీ తలో ఉండ పెట్టి, వాటిని వెంటబెట్టుకుని రాక్షసుల దీవికి వెళ్ళడం. పన్నెండు అట్టలు. ఇక్కడ బుర్రపెట్టాల్సిన చోటు ఒకటుంది. చూసేవాళ్ళకి మొదటి బొమ్మ కనబడుతున్నప్పుడు చెప్పేవాడికి ఎదురుగా ఉండేది చివరి అట్ట వెనకవైపు. కాబట్టి మొదటి బొమ్మ కథ చివరి అట్ట వెనక రాయాలి, రెండోదాని కథ మొదటి అట్ట వెనక, మూడోది రెండోదాని వెనక. లాగిన అట్ట వెనక్కి వెళ్తుంది, దాని వెనక రాసిందే ఇప్పుడు చదవాలి. పెద్దది అగ్గిపెట్టె అట్టముక్కల మీద అంకెలు వేసుకుని గంటసేపు తిప్పి చూసి, అర్థమయ్యాక గట్టిగా అరిచింది.

పెట్టె చెప్పుల డబ్బాతో చేశాం, ముందు రెండు తలుపులతో. ప్రదర్శన రోజు వేరుశెనగ పప్పుచెక్క పంచాం. చిన్నాడు చెక్కలు కొట్టాడు. లాగడంలో ఉంది కథంతా. రాక్షసుల కోట అట్ట సగం లాగి ఆపితే పిల్లలు ముందుకు వంగారు. పూర్తిగా లాగేయమని కేకలు. ఎంతసేపు ఆపాలో పెద్దదానికి ఎవరూ చెప్పలేదు, చూసేవాళ్ళ ముఖాలు చూసి తనే నేర్చుకుంది.

చేర్యాల నకాషీ పటాలు కూడా చూపించాను. పొడవాటి గుడ్డ పటం విప్పుతూ కులపురాణం గానం చేసే తెలంగాణ సంప్రదాయం. అట్టలు లాగడం, పటం విప్పడం, రెండిటిలో కథకుడు బొమ్మని దాచి ఎలా చూపిస్తాడో పోల్చి రాయమని పెద్దదానికి వ్యాసం ఇచ్చాను.

జూన్ చివర: దరుమ

ఎర్రటి గుండ్రటి బొమ్మ, ఎంత పడదోసినా లేచి కూర్చుంటుంది. గున్మ జిల్లాలోని తకసాకి ఊరు వీటికి పేరు. బొమ్మ బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువుది. ఆయన దక్షిణ భారతం నుంచి చైనా వెళ్ళాడని సంప్రదాయం చెబుతుంది.

అడుగు కొబ్బరిచిప్ప. లోపల బంకమట్టి ముద్ద అదిమి, పైన కాగితం ఉండలు పెట్టి, మైదా జిగురుతో న్యూస్‌పేపరు పొరలు అంటించాం. మట్టి ఎంత వేయాలన్నదే పాఠం. తక్కువైతే పడిపోయింది, చిప్ప అంచు దాటితే కూడా లేవడం మానేసింది. గరిమనాభి కిందుంటేనే లేస్తుందని పెద్దది లెక్కల పుస్తకంలో బొమ్మ గీసుకుంది. రంగు ఎండాక కనుబొమలు కొంగల్లా, గడ్డం తాబేలులా గీయాలి.

కళ్ళు మాత్రం ఖాళీ. కోరిక కోరుకుని ఒక కన్ను దిద్దుతారు, తీరాక రెండోది. ఈ సందర్భంలోనే నారా నగరం కథ చెప్పాను. 752లో తోదైజీ ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి కళ్ళు దిద్దింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఆ కుంచెకి పొడవాటి పట్టుదారాలు కట్టి, వచ్చినవాళ్ళందరూ వాటిని పట్టుకున్నారు, అందరూ కలిసి దిద్దినట్టు. ఆ నీలిదారం ఇప్పటికీ నారాలోని షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉంది. మన గుళ్ళలో ప్రతిష్ఠ నాడు జరిగే నేత్రోన్మీలనం మామయ్యగారు వివరించారు. మా దరుమకి కూడా కుంచెకి దారం కట్టి పిల్లలందరూ పట్టుకుని ఎడమ కన్ను దిద్దారు. కోరిక: కలిసి వెయ్యి కొంగలు మడవాలి.

జులై 7

తనబాత. పొద్దుట్నుంచీ వాన. వెదురుకొమ్మకి రంగు కాగితాల పట్టీల మీద కోరికలు రాసి కట్టాం. పూర్వం ఈ రోజున నేత, కుట్టు, చేతిరాత బాగా రావాలని కోరుకునేవాళ్ళు. అందుకని బొమ్మలూ సైకిళ్ళూ వద్దు, మీ చేతికి ఏ పని రావాలో రాయండి అన్నాను. "నాకు బూరె చుట్టడం రావాలి" అని ఒక పట్టీ. నక్షత్రాల సంగతి కింద రాస్తాను.

ఆగస్టు 6

ఇది రాయడానికి ఆలోచించాను, చేయడానికి మాత్రం కాదు. పిల్లలకి అందమైన జపాన్ చూపించి ఇక్కడ కళ్ళు మూయడం నాకు ఒప్పలేదు.

సదాకో ససాకి రెండేళ్ళ పిల్ల, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు. తొమ్మిదేళ్ళపాటు బాగానే ఉంది, పరుగుపందేల్లో ముందుండేది. 1955లో రక్తకేన్సర్ బయటపడింది. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో ఆసుపత్రిలో మందు పొట్లాల కాగితాలు కూడా వదలకుండా కొంగలు మడిచింది. ఆ అక్టోబరులో పోయింది, పన్నెండేళ్ళకి. ఆమెతో చదివిన పిల్లలు చందాలు పోగుచేస్తే దేశమంతా స్పందించి, 1958 మే 5న, పిల్లల పండుగ నాడే, హిరోషిమా శాంతి ఉద్యానవనంలో స్మారకం నిలబెట్టారు. మే 5 అనగానే పిల్లలిద్దరూ మేడ మీది చేపల వైపు చూశారు.

సాయంత్రం బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకి వెళ్ళాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన ఊళ్ళో పేలకుండా మిగిలిన బాంబు గుల్ల ఒకటి ఆ మ్యూజియంలో ఉంది. మామయ్యగారు దాని పక్కన నిలబడి, వాళ్ళ అమ్మ చెప్పిన మాట చెప్పారు: ఊరు ఊరంతా పల్లెలకి పోయింది, వాళ్ళు ఎడ్లబండి కట్టుకుని చోడవరం వైపు వెళ్ళారు, గిన్నెలన్నీ నూతిలో వేసి.

చిన్నాడు గుల్ల మీద చెయ్యి వేయబోయి ఆగాడు. "తాతయ్యా, మన మీద బాంబులేసిన వాళ్ళ పనులా నేను నేర్చుకుంటున్నది?"

"వేసింది ఆ దేశపు సైన్యంరా. సదాకో అప్పటికి పుట్టనే లేదు" అన్నారు మామయ్యగారు.

లెక్క సరిపోయింది: సదాకో పుట్టింది 1943 జనవరిలో. వాడు వేళ్ళ మీద సంవత్సరాలు లెక్కపెట్టుకున్నాడు. నేను ఇంకేమీ కలపలేదు. ఇంటికొచ్చాక వాడు కొంగ నేర్పమని అక్కని అడిగాడు. పొర లేపే చోట అక్క చెయ్యి పట్టింది, తర్వాత వాడే పూర్తిచేశాడు. మెడ వంకరగా ఉంది, దారానికి అలాగే గుచ్చాం. వెయ్యికి ఇంకా చాలా దూరం. దరుమకి ఒక కన్నే.

శ్రావణ శుద్ధ సప్తమి

జపాన్ 1873లో ఇంగ్లిషు క్యాలెండరుకి మారింది. అంతకుముందు తనబాత అంటే చాంద్రమానంలో ఏడో నెల ఏడో రోజు. చాలా ఏళ్ళలో అది మన శ్రావణ శుద్ధ సప్తమి దగ్గరే పడుతుంది. సెందాయ్ నగరంలో పండుగ ఇప్పటికీ ఆగస్టు 6 నుంచి 8 వరకు చేస్తారు. పాత తేదీకి అర్థం ఉంది: సప్తమి నాడు అరచంద్రుడు నడిరాత్రికి అస్తమిస్తాడు, ఆ తర్వాత పాలపుంత బాగా కనబడుతుంది. జులై 7న జపాన్‌లోనూ మనకిలాగే వానలు. అందుకే ఆకాశం పాఠం ఇప్పటిదాకా ఆపాను.

విశాఖ దీపాల్లో పాలపుంత కనపడదు. చోడవరం దగ్గర మా వాళ్ళ ఊరు వెళ్ళి డాబా మీద చాపలు వేశాం. కథ: స్వర్గంలో బట్టలు నేసే ఒరిహిమె, ఆవులు కాసే హికొబోషి. పెళ్ళయ్యాక పని మర్చిపోతే ఆమె తండ్రి ఇద్దర్నీ పాలపుంతకి చెరో ఒడ్డునా పెట్టాడు, ఏడాదికోసారే కలుసుకోవాలి. ఒరిహిమె వేగా నక్షత్రం, హికొబోషి ఆల్టెయిర్. మన లెక్కలో అభిజిత్తు, శ్రవణం. శ్రావణ మాసానికి ఆ పేరొచ్చింది ఆ శ్రవణం వల్లే. రాత్రి తొమ్మిది దాటాక నడినెత్తికి కాస్త ఉత్తరంగా తెల్లగా మెరిసేది అభిజిత్తు, తూర్పుగా శ్రవణం, దానికి అటూ ఇటూ చెరో చిన్న చుక్క. వేగా 25 కాంతి సంవత్సరాలు, ఆల్టెయిర్ దాదాపు 17. ఈ రాత్రి మనకి కనిపించే వేగా వెలుగు ఎప్పుడు బయల్దేరిందో పెద్దది లెక్కకట్టి, "నేను పుట్టకముందుది" అంది. చంద్రుడు దిగేదాకా చిన్నాడు మేలుకోలేదు. మబ్బులు మధ్యమధ్య తొలిగినప్పుడు పాలపుంత రెండు చుక్కల మధ్యా పల్చగా కనబడింది.

తర్వాతి పని

కొకెషి బొమ్మలు. జపాన్ ఈశాన్యంలో, తొహొకు ప్రాంతంలో లేత్ మీద తిప్పే చెక్కబొమ్మలు, చేతులూ కాళ్ళూ ఉండవు. మనకి ఏటికొప్పాక దగ్గరలోనే ఉంది. అంకుడు కర్రతో పనిచేసే ఒకాయనతో మాట్లాడాను. తల విడిగా, ఒళ్ళు విడిగా తిప్పి ఇస్తానన్నారు, పిల్లల ముందే. లక్క వేయకుండా ఉత్త కర్రగానే ఇమ్మన్నాను, ముఖం కుంచెతో గీయాలి కాబట్టి. కర్ర ఆరడానికి టైం కావాలట. దసరాకి ముందు శనివారం అనుకున్నాం. అపార్ట్‌మెంటు పిల్లల తల్లిదండ్రులకి చెప్పాలి, వ్యాను మాట్లాడాలి.